మిగులు లెక్క

మా మేనకోడలి కుడికంటి కార్నియా మందం 492 మైక్రాన్లు, ఎడమకంటిది 496. పోయిన ఏడాది దసరా నుంచి మా ఇంట్లో ఈ రెండు అంకెలు బంగారం ధర కంటే ఎక్కువసార్లు చర్చకు వచ్చాయి. అంతకుముందు మా అక్క మైక్రాన్ అనే మాట విననే లేదు. ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా "మిల్లీమీటరులో వెయ్యో వంతు" అని చెబుతుంది.

మాది బరంపురం. ఒడిశా పటంలో బ్రహ్మపుర్ అని ఉంటుంది, గంజాం జిల్లా. 1936లో ఈ జిల్లా మద్రాసు నుంచి విడిపోయి ఒడిశాలో కలిసినప్పుడు మా తాత మగ్గం మీద నుంచి లేవలేదని, నాడె విసురుతూనే రాష్ట్రం మారాడని ఇంట్లో చెప్పుకుంటాం. మాట తెలుగు, బడి చదువు ఒడియా, ఉద్యోగం కాగితాలు ఇంగ్లీషు. పెద్ద జబ్బు వస్తే భువనేశ్వర్ దగ్గర. అయినా డాక్టరుకు బాధ తెలుగులో చెప్పుకోవచ్చని మావాళ్ళు రైలెక్కి విశాఖపట్నం వెళతారు. ఇచ్ఛాపురం దాటగానే సగం జబ్బు నయమైనట్టు ఉంటుందని మా బావ అంటాడు.

మేనకోడలిని ఇక్కడ బుజ్జి అంటాను, ఇంట్లో పిలుపు అదే. వయసు ఇరవై మూడు. కుడికన్ను మైనస్ ఆరున్నర, ఎడమకన్ను మైనస్ ఆరు. ఐదో తరగతి నుంచి కళ్ళజోడు ఉంది, దాని వల్ల ఆ పిల్లకు ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బంది పలాస నుంచి పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళకు కలిగింది. "అమ్మాయి లక్షణంగా ఉంది, ఆ కళ్ళజోడే..." అని అబ్బాయి తల్లి వాక్యం మధ్యలో ఆపి కాఫీ గ్లాసు అందుకుంది. ఆ వాక్యాన్ని లేజర్‌తో పూర్తి చేయించాలని మా అక్క ఆ రాత్రే నిర్ణయించుకుంది.

నన్ను సాక్షిగా పిలిచారు. 2003లో నేను లాసిక్, అంటే కళ్ళజోడు అక్కర్లేకుండా కార్నియాను లేజర్‌తో చెక్కే ఆపరేషన్, చేయించుకున్నాను. మైనస్ నాలుగుంపావు ఉండేది. అప్పట్లో కార్నియా మీది పొరను లేజర్‌తో కాక సన్నని బ్లేడుతో లేపేవారు. పావుగంటలో రెండు కళ్ళూ అయిపోయాయి. మర్నాడు పొద్దున గోడ గడియారం కళ్ళజోడు లేకుండా కనిపించినప్పుడు నేను ఏడ్చిన మాట నిజం. ఇరవై రెండేళ్ళయింది, దూరం చూపు ఇప్పటికీ బాగుంది. కాబట్టి ఈ వ్యాసం లేజర్ మీద కోపంతో రాస్తున్నది కాదు. "నీకేమైంది, బాగానే ఉన్నావు కదా" అని అక్క అడిగితే, బాగానే ఉన్నానని చెప్పాను. ఆ ఒక్క మాట ఆ రోజు చెప్పకుండా ఉండాల్సిందని ఇప్పుడు అనుకుంటున్నాను.

ఎందుకో చెప్పాలంటే ముందు కార్నియా సంగతి చెప్పాలి. నేను చేనేత ఇంట పుట్టి సొసైటీలో పద్దులు రాసే మనిషిని. డాక్టర్లు చెప్పింది, చదివి తెలుసుకున్నది నాకు గుడ్డ భాషలో, పద్దు భాషలోనే అర్థమవుతుంది.

కంటి ముందు గాజు బిళ్ళలా కనిపించేది కార్నియా. సగటున మధ్యలో సుమారు 540 మైక్రాన్లు, అంటే అర మిల్లీమీటరు కన్నా కొద్దిగా ఎక్కువ. అంచుల వైపు ఇంకా మందం. కన్ను వెలుతురును వంచే శక్తిలో మూడింట రెండు వంతులు దీనిదే. పైన 50 మైక్రాన్ల చర్మం లాంటి పొర ఉంటుంది, గీసుకుపోయినా మళ్ళీ పెరుగుతుంది. దాని కింద అసలు సరుకు, స్ట్రోమా. మందంలో తొంభై శాతం అదే. కొల్లాజెన్ పోగులు పొరలు పొరలుగా, కొన్ని వందల పొరలుగా పరుచుకుని ఉంటాయి. ఈ పోగులు ఒకసారి పోతే మళ్ళీ పెరగవు.

ఈ నేత ముందూ వెనకా ఒకేలా ఉండదు. ముందు భాగంలో పొరలు ఏటవాలుగా ఒకదానిలోకి ఒకటి దూరి, పేక బిగించి దట్టించిన పట్టులా ఉంటాయి. వెనక్కి వెళ్ళే కొద్దీ మడత మీద మడత పేర్చిన గుడ్డల్లా విడివిడిగా పడుకుని ఉంటాయి. దానం చేసిన మానవ కార్నియాలను పొరలవారీగా లాగి చూసి 2008లో ప్రచురించిన ఒక పరిశోధనలో, స్ట్రోమా ముందరి నలభై శాతమే అన్నిటికన్నా బలమైనదని, వెనక అరవై శాతానికి అందులో సగం బలం కూడా లేదని తేలింది. బరువు మోసేది ముందు భాగం. లేజర్ కోసేది కూడా ముందు భాగాన్నే, చూపును మార్చే వంపు అక్కడే ఉంది మరి.

మోయడం అని ఊరికే అనలేదు. కన్ను లోపల నుంచి ద్రవం రాత్రీ పగలూ బయటికి తోస్తూ ఉంటుంది. మామూలు కంట్లో ఆ పీడనం పాదరసం లెక్కలో పది నుంచి ఇరవై ఒక్క మిల్లీమీటర్లు. నులుముకుంటే ఆ క్షణంలో ఇంకా పెరుగుతుంది. బలమైన గుడ్డ ఆ తోపుడుకు నిలబడుతుంది. పలచబడిన గుడ్డ ఏళ్ళ మీద మెల్లగా ఉబ్బి కిందికి సాగుతుంది. దాన్ని ఎక్టేషియా అంటారు. లాసిక్ తర్వాత ఇలా జరగవచ్చని 1998లో మొదట రాసినవారిలో జర్మన్ వైద్యుడు థియో సైలర్ ఒకరు. సాగే కార్నియాను విటమిన్ బి2 చుక్కలు, అతినీలలోహిత కిరణాలతో గట్టిపరిచే క్రాస్‌లింకింగ్ పద్ధతిని డ్రెస్డెన్‌లో తయారుచేసినవారిలోనూ ఆయనే ఉన్నారు. జబ్బును గుర్తించిన మనిషే మందు కూడా వెతికాడన్నమాట. వైద్యంలో ఇది తరచూ జరగదు.

లేజర్ రాకముందు ఈ పాఠం ఇంకా మోటుగా నేర్చుకున్నారు. 1970లలో మాస్కోలో ఫ్యోదొరోవ్ కత్తితో కార్నియా మీద చక్రం ఆకుల్లా గాట్లు పెట్టి హ్రస్వదృష్టి (దూరం కనిపించని లోపం) తగ్గించేవారు. ఆ పద్ధతి ప్రపంచమంతా పాకింది. అమెరికాలో అలా గాట్లు పెట్టిన కళ్ళను పదేళ్ళు వెంటాడి చూస్తే, నూటికి 43 కళ్ళు ఒక డయాప్టరు (కళ్ళజోడు పవరులో ఒక అంకె) లేదా అంతకంటే ఎక్కువగా దూరదృష్టి వైపు, అంటే ప్లస్ పవరు వైపు, జారిపోయాయి. గాట్లు మానాయి, గుడ్డ మాత్రం బిగియలేదు.

ఆ కత్తి స్థానంలో వచ్చింది ఎక్సైమర్ లేజర్. 193 నానోమీటర్ల తరంగం, కాల్చదు, ఒక్కో దెబ్బకు మైక్రానులో పావు వంతు మేర కణజాలాన్ని ఆవిరి చేస్తుంది. ఇది కణజాలాన్ని చెక్కగలదని కనిపెట్టిన ముగ్గురిలో ఒకరు మద్రాసు విశ్వవిద్యాలయంలో చదివిన రంగస్వామి శ్రీనివాసన్. 1981 నవంబరులో న్యూయార్క్ దగ్గరి ఐబీఎం పరిశోధనశాలకు ఆయన ముందురోజు పండుగ విందులో మిగిలిపోయిన టర్కీ కోడి ఎముక పట్టుకువెళ్ళి దాని మీద ఈ లేజర్ వేసి చూశారు. మిగిలిన ముక్కతో మొదలైన విద్యలో, కంట్లో ఎంత మిగిలిందని అడగడం మాత్రం మనం మరిచిపోయాం.

ఇప్పుడు బుజ్జి పద్దుకు వస్తాను.

విశాఖలో మొదటి ఆసుపత్రిలో, పేరు అనవసరం, లాసిక్ చేయవచ్చు అన్నారు. లెక్క అడిగితే కౌన్సెలర్ అమ్మాయి ఓపికగా కాగితం మీద వేసింది. ముందు ఫెమ్టోసెకండ్ లేజర్‌తో 110 మైక్రాన్ల పొరను తలుపులా లేపుతారు. దాన్ని ఫ్లాప్ అంటారు. తర్వాత చూపుకు తగ్గట్టు లోపల చెక్కుతారు. ఎంత చెక్కాలో చెప్పడానికి పాత సూత్రం ఒకటి ఉంది. చెక్కే వృత్తం వ్యాసాన్ని మిల్లీమీటర్లలో వర్గం చేసి, డయాప్టర్లతో గుణించి, మూడుతో భాగించాలి. ఆరున్నర మిల్లీమీటర్ల వృత్తానికి డయాప్టరుకు పద్నాలుగు మైక్రాన్లు. ఆరున్నర పవరుకు 91. పొర 110, చెక్కుడు 91, మొత్తం 201. 492లో 201 పోతే 291.

"రూల్ ప్రకారం 250 మిగిలితే చాలు, మీకు ఇంకా నలభై ఒకటి ఎక్కువే" అంది ఆ అమ్మాయి. మా అక్క మొహం వెలిగింది. నలభై ఒకటి మిగులు! సొసైటీలో ఏడాది చివర నాకు ఎప్పుడూ అంత మిగలలేదు.

అక్కడే నాకు పద్దు తేడా కొట్టింది. 250 అనేది ప్రకృతి గీసిన గీత కాదు, సర్జన్లు అనుభవం మీద పెట్టుకున్న హద్దు. ఇప్పుడు చాలామంది 280, 300 ఉంచమంటారు. 300 మిగిలినా సాగిన కళ్ళున్నాయి, 250 లోపు మిగిలినా నిలిచిన కళ్ళున్నాయి. ఎంత మిగిలిందన్న దానితో పాటు, ఉన్నదానిలో ఎన్నో వంతు పోయింది, పోయింది ఏ భాగం నుంచి అనేవి కూడా చూడాలని 2014లో బ్రెజిల్ వైద్యుడు సంతియాగో, ఆయన సహచరులు చూపించారు. పొర మందం, చెక్కుడు లోతు కలిపి మొత్తం మందంలో నలభై శాతం చేరితే, ఆపరేషన్‌కు ముందు తీసిన కార్నియా ఆకారపు పటం మామూలుగా ఉన్న కళ్ళలో కూడా ఎక్టేషియాతో గట్టి సంబంధం కనిపించిందని వారి మాట. బుజ్జి కుడికంటిలో 201ని 492తో భాగిస్తే 40.9 శాతం. ఒక గీత దగ్గర నెగ్గిన కన్ను రెండో గీత దగ్గర ఓడింది. ఎడమకన్ను 39.1 శాతంతో ఒడ్డున పడింది. ఆ ఒడ్డు ఎంత గట్టిదో తర్వాత తెలిసింది.

తలుపులా లేపిన పొరను తిరిగి మూసేస్తారు కదా, 110 మైక్రాన్లను పోయిన పద్దులో ఎందుకు రాయాలి అని మా బావ అడిగాడు. మంచి ప్రశ్న. నేనూ ఇరవై ఏళ్ళు అలాగే అనుకున్నాను, అతుక్కుంది కాబట్టి ఉన్నట్టే అని. అతుక్కోవడం వేరు, నేతలో కలవడం వేరు. లాసిక్ చేయించుకుని, ఏళ్ళ తర్వాత వేరే కారణాలతో చనిపోయినవారు దానం చేసిన కళ్ళను పరీక్షించి 2005లో రాసిన ఒక పత్రం ఉంది. అందులో పొర అంచు దగ్గర మచ్చ కట్టిన చోట బలం మామూలు కార్నియాలో 28 శాతం మాత్రమే. మధ్యలో అయితే రెండున్నర శాతం కూడా లేదు. చిరిగిన చీరకు వెనక జిగురుతో గుడ్డ అంటించినట్టు ఉంటుంది, కట్టుకుంటే తెలియదు, బరువు మోసేది అది కాదు. నా కంట్లో బ్లేడుతో లేపిన పొర బహుశా 160 మైక్రాన్లు, అదీ ఊహే.

సాక్షిగా నా మాట ఎందుకు చెల్లదో ఇక చెప్పవచ్చు. మా ఊళ్ళలో పద్ధతి ఏమిటంటే, ఏ పని చేయాలన్నా చేసినవాళ్ళను అడుగుతాం. మా వీధిలో ఆరుగురు లేజర్ చేయించుకున్నారు, ఆరుగురూ బాగున్నారు. లాసిక్ తర్వాత ఎక్టేషియా వచ్చేది వెయ్యి కళ్ళలో ఒకటి రెండుకు అటూ ఇటూ అని వేర్వేరు పరిశీలనల అంచనాలు, ఎక్కువలో ఎక్కువ చెప్పినవి కూడా నూటికి ఒకటి లోపే. అలాంటప్పుడు ఆరుగురు బాగుండడం నుంచి మనం నేర్చుకునేది ఏమీ లేదు. జాతీయ రహదారి మీద ఒకసారి కళ్ళు మూసుకుని దాటినవాడు "చూశావా, ఏమీ కాలేదు" అన్నట్టు ఉంటుంది.

దీనికి మా సొసైటీ సెక్రటరీ గారు తిరుగు వాదన చేశారు. "నూటికి ఒకటి కూడా లేని దానికి ఇంత గోల ఎందుకండీ? మీరు రోజూ శిరస్త్రాణం లేకుండా స్కూటరు మీద వస్తారు" అన్నారు. శిరస్త్రాణం విషయంలో ఆయన చెప్పింది నిజం, ఆ రోజు నోరు మూసుకున్నాను. రాత్రి పడుకున్నాక జవాబు తట్టింది. నాకు ఎప్పుడూ అంతే.

ఆ తక్కువ శాతం ఎక్కడి నుంచి వచ్చింది? పరీక్షలు చేసి, అనుమానం ఉన్న కళ్ళను వెనక్కి పంపేసి, మిగిలినవారికి చేసిన ఆపరేషన్ల నుంచి వచ్చింది. వెనక్కి పంపినవాళ్ళ వల్లే ఆ అంకె అంత చిన్నదిగా ఉంది. వెనక్కి పంపిన మనిషి పక్క వీధిలో ఇంకో ఆసుపత్రికి వెళ్ళి, "నూటికి ఒకటి కూడా లేదట" అనుకుంటూ బల్ల మీద పడుకుంటే, ఆ అంకె అతనిది కాదు. ఆ అంకె లోపలికి రానివ్వకుండా ఆపిన మనుషుల్లో అతను ఒకడు. పల్చటి పోగుల చీరలను ముందే ఏరేసి, మిగిలిన సరుకు చూపించి మా చీరలు చిరగవని మేం గర్వంగా చెప్పుకుంటాం. ఏరేసిన గుట్టలో నుంచి ఒకటి తీసుకుపోయి కట్టుకుని, సొసైటీ మాట ఇచ్చింది కదా అంటే ఎవరు బాధ్యులు?

బుజ్జి ఆ గుట్టలోని పిల్ల అని రెండో ఆసుపత్రిలో తెలిసింది. అక్కడి డాక్టరమ్మ ముందు లెన్సులు ఎప్పుడు తీశావని అడిగారు. పెళ్ళిచూపుల కోసం బుజ్జి మెత్తటి కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుంది, మూడు రోజుల క్రితమే తీసింది. రెండు వారాలు ఆగి రమ్మని ఆ రోజు పరీక్ష చేయకుండానే పంపేశారు. లెన్సు కార్నియా ఆకారాన్ని తాత్కాలికంగా మారుస్తుంది, అది సర్దుకోకుండా తీసిన పటం అబద్ధం చెబుతుంది. రైలు ఖర్చు దండగ అని అక్క పలాస దాకా సణిగింది. రెండు వారాల తర్వాత మళ్ళీ వెళితే పెంటాకామ్ అనే యంత్రంతో కార్నియా ముందూ వెనకా రెండు వైపులా పటం తీశారు. ఎడమకన్ను, లెక్కలో నెగ్గిన కన్ను, పటంలో తప్పింది. కింది భాగంలో వంపు పైభాగం కంటే ఎక్కువగా ఉంది, వెనక ఉపరితలం ఒకచోట కొద్దిగా ముందుకు పొడుచుకు వచ్చింది. జబ్బు అని చెప్పడానికి చాలదు, మామూలే అని వదిలేయడానికీ చాలదు. కెరటోకోనస్ అనే జబ్బు, కార్నియా తనంతట తానే శంకువులా సాగేది, మొదలయ్యే ముందు ఇలాగే ఉంటుంది.

మన దేశంలో ఈ జబ్బు అరుదేమీ కాదు. నాగపూర్ పక్క పల్లెల్లో చేసి 2009లో ప్రచురించిన సర్వేలో నూటికి 2.3 మందిలో కనిపించింది. అక్కడ వాడిన కొలబద్ద మరీ వదులని కొందరి అభ్యంతరం, కొలబద్ద బిగిస్తే అంకె బాగా తగ్గుతుంది. తగ్గించి చూసుకున్నా, కళ్ళు దురదపెట్టి నులుముకునే అలవాటు ఈ జబ్బుతో కలిసి నడుస్తుందన్నది వైద్యులందరి మాట. డాక్టరమ్మ అడిగిన రెండో ప్రశ్న అదే, కళ్ళు నులుముకుంటావా అని. బుజ్జి లేదంది. మా అక్క "పుట్టినప్పటి నుంచి" అంది.

"చూపుకు లోటేమీ లేదమ్మా, కోయడానికి మిగులు లేదు, అంతే" అని డాక్టరమ్మ ఫైలు మూసేశారు. ఏడాది తర్వాత మళ్ళీ పటం తీయించుకోమన్నారు. దురదకు చుక్కలు రాశారు. తీసుకున్నది సంప్రదింపు రుసుము, పరీక్ష ఖర్చు. ఆపరేషన్ చేసి ఉంటే దానికి ఎన్నో రెట్లు వచ్చేది. డబ్బు వదులుకుని వద్దన్న మాటకు, డబ్బు తీసుకుని సరేనన్న మాట కంటే నేను కొంచెం ఎక్కువ బరువు ఇస్తాను. పద్దులు రాసేవాడి అనుమానం అనుకోండి. ధైర్యం చాలక వద్దనే డాక్టర్లూ ఉంటారు, కాదనను. కానీ ఈవిడ పటం తిప్పి చూపించి, ఏ రంగు దగ్గర ఎందుకు అనుమానమో చెప్పి మరీ వద్దన్నారు.

అక్క మాత్రం దాన్ని అవమానంగానే తీసుకుంది. స్టేషనులో రైలు కోసం కూర్చున్నప్పుడు, "ఇంతదూరం వచ్చి కాదనిపించుకున్నాం" అంది, పెళ్ళివాళ్ళు కాదన్నట్టే. ఆడపిల్ల కంటికి ఒక ముద్ర పడిందని, ఈ సంగతి ఎవరికీ చెప్పవద్దని నా దగ్గర మాట తీసుకుంది. (ఆ మాట తప్పి ఇక్కడ రాస్తున్నాను. బుజ్జి చదివి సరేనంది, అక్క తెలుగు చదవదు.)

మూడో చోటికి వాళ్ళు నాకు చెప్పకుండా వెళ్ళారు. ఊరు చెప్పను, ఆసుపత్రి అసలే చెప్పను. పండుగ తగ్గింపు ఉందట. ఆ రోజు పొద్దున ఎవరిదో పెళ్ళికి వెళ్ళి వస్తూ బుజ్జి లెన్సులతోనే ఉంది. అక్కడే తీసి డబ్బాలో పెట్టించి, పది నిమిషాల్లో పటం తీశారు. "స్మైల్ చేద్దాం, అందులో ఫ్లాప్ ఉండదు, కార్నియా బలం తగ్గదు" అన్నారు. పటం ప్రింటు అడిగితే ఫైలు మా దగ్గరే ఉంటుందన్నారు. సంతకానికి ఇచ్చిన అంగీకార పత్రం ఇంగ్లీషులో, తెలుగులో ఉంది. మా అక్క ఒడియా చదువుతుంది. బుజ్జి ఇంగ్లీషు చదువుతుంది కానీ నాలుగు పేజీల సన్నక్షరాలు చదివే సమయం ఎవరిచ్చారు? తెలుగు పలికే మా సగం మందికి తెలుగు అక్షరాలు రావని సరిహద్దుకు అవతలివాళ్ళకు ఎప్పటికీ అర్థం కాదు. మాతో గలగలా తెలుగులో మాట్లాడి, చేతికి తెలుగు కాగితం ఇచ్చి, చదివేసినట్టే లెక్క వేస్తారు.

బుజ్జి సంతకం పెట్టకుండా బయటికి వచ్చి నాకు ఫోను చేసింది. "మామయ్యా, వీళ్ళు ఎంత మిగులుతుందో చెప్పడం లేదు" అంది.

స్మైల్ సంగతి న్యాయంగా చెప్పాలి, అది మోసం కాదు. పొర లేపకుండా, కార్నియా లోపలే చిన్న కటకం ఆకారంలో ముక్క కోసి, రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల గాటు నుంచి బయటికి లాగుతారు. అమెరికా ప్రభుత్వం 2016లో అనుమతించింది. ముందరి గట్టి నేత చాలావరకు తెగకుండా ఉంటుంది, కాబట్టి బలం ఎక్కువ నిలవాలన్నది సబబైన ఆలోచనే. అయితే అదే పవరుకు లాసిక్ కంటే కాస్త ఎక్కువ కణజాలం తీయాల్సి వస్తుంది. స్మైల్ తర్వాత కూడా ఎక్టేషియా వచ్చిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి, వాటిలో చాలా కళ్ళకు ముందునుంచే అనుమానపు పటాలున్నాయి. బలం తక్కువ తగ్గుతుంది అంటే సరే. తగ్గదు అంటే అమ్మకం.

పీఆర్‌కే అనే పాత పద్ధతిలో పొర అసలు లేపరు. పైచర్మం గీకి అక్కడే చెక్కుతారు, చర్మం మళ్ళీ పెరుగుతుంది. బుజ్జి కుడికంటి లెక్కలో అయితే పైచర్మం 50, చెక్కుడు 91 పోగా స్ట్రోమా 351 మైక్రాన్లు మిగిలేది. మూడు నాలుగు రోజులు కళ్ళు మంట, నీళ్ళు, పవరు ఎక్కువైతే కార్నియా మసకబారే భయం. అందుకే దాన్ని ఎవరూ బోర్డుల మీద వేసుకోరు. సన్నని, ఆరోగ్యమైన కార్నియాకు మాత్రం ఇది చాలాసార్లు మెరుగైన మార్గం. పటంలోనే అనుమానం ఉంటే ఇదీ వద్దు. అలాంటివారికి కార్నియాను ముట్టకుండా కనుపాప వెనక చిన్న కటకం పెట్టే ఐసీఎల్ ఉంది. ఖరీదెక్కువ, కన్ను ముందు గదిలో తగినంత లోతు ఉండాలి, కంటిలోపలి ఆపరేషన్‌కు ఉండే భయాలు దానికీ ఉంటాయి. కళ్ళజోడు కూడా ఉంది. ఈ చర్చ అంతటిలో దాన్ని ఒక మార్గంగా ఎవరూ లెక్కేయలేదు.

కార్నియా ఎంత మిగిలిందో వాయుసేన వాళ్ళు లెక్కేస్తారు. లేజర్ తర్వాత కార్నియా 450 మైక్రాన్ల కంటే తక్కువ ఉండకూడదని, కంటి పొడవు 26 మిల్లీమీటర్లు మించకూడదని, ఆపరేషన్ అయి పన్నెండు నెలలు గడవాలని వారి నియమాలు. రైల్వేలో సహాయ లోకో పైలట్ ఉద్యోగానికైతే లేజర్ చేయించుకున్నవారు అసలు అర్హులు కారు. బుజ్జి తమ్ముడు ఆ పరీక్షకే చదువుతున్నాడు. వాడికి మైనస్ ఒకటి వచ్చింది, లేజర్ చేయించుకుంటే ఉద్యోగం వస్తుందని కోచింగ్‌లో ఎవరో చెప్పారట. నోటిఫికేషన్ తీసి ఆ లైను చూపించేదాకా నమ్మలేదు. మా వైపు పిల్లలకు రైలూ, సైన్యమూ తప్ప వేరే ఆశ తక్కువ. కంటికి లేజర్ వేయించుకునే ముందు కనీసం ఆ నోటిఫికేషన్ చదవండి.

నా సొంత పద్దు ఒకటి మిగిలింది. ఈ గొడవలో పడి నా కళ్ళు కూడా చూపించుకున్నాను. శుక్లం మొదలైందన్నారు. కార్నియా 468 మైక్రాన్లు ఉంది, అంటే బ్లేడుతో లేపిన ఆ ఉత్త పొరను తీసేస్తే మోసేది మూడు వందల చిల్లర. కంటి పీడనం 11 చూపించింది. మంచిదే కదా అంటే, డాక్టరు తల ఊపలేదు. కార్నియాను నొక్కి పీడనం కొలిచే యంత్రానికి పలచబడిన కార్నియా మెత్తగా తగులుతుంది, ఉన్నదానికంటే తక్కువ చెబుతుంది. మా నాన్నకు నీటికాసులు ఉండేవి, కాబట్టి ఆ 11ని నమ్మి ఊరుకోకూడదట, నరం ఫోటోలు తీయించాలట. శుక్లానికి లోపల పెట్టే కటకం పవరు లెక్కలోనూ చిక్కుంది. యంత్రాల సూత్రాలు కార్నియా ముందు వంపుకూ వెనక వంపుకూ మామూలు నిష్పత్తి ఉంటుందని అనుకుని లెక్క వేస్తాయి. లేజర్ ముందు వంపునొక్కదాన్నే మార్చింది. లెక్క తప్పితే ఆపరేషన్ తర్వాత దూరదృష్టి మిగులుతుంది. ఇప్పుడు కొత్త సూత్రాలు వచ్చాయి, కానీ 2003 నాటి పాత కొలతలు ఉంటే ఇంకా మేలని అడిగారు. నా దగ్గర లేవు. అప్పటి క్లినిక్ మూతపడి అక్కడ ఇప్పుడు మొబైల్ ఫోన్ల దుకాణం నడుస్తోంది. ముప్పై ఏళ్ళ సొసైటీ రసీదులు వరుస తప్పకుండా దాచిన నేను నా కంటి కాగితం ఒక్కటి అడగలేదు.

రెండో ఆసుపత్రి ఇచ్చిన బుజ్జి పటాలు మాత్రం దాచాను. నాన్న జరీ కండెలు పెట్టుకునే ఇనప్పెట్టెలో, ప్లాస్టిక్ కవరులో ఉన్నాయి. ఆకుపచ్చ, పసుపు, ఎడమకంటి కింద కాస్త ఎరుపు. వచ్చే దసరాకు తీసే పటాన్ని వీటి పక్కన పెట్టి చూస్తారు. ఎరుపు ఉన్నచోటే ఉంటే ఒక మాట, పాకితే ఇంకో మాట. పాకితే క్రాస్‌లింకింగ్‌తో ఆపవచ్చు, ముందే తెలిసింది కాబట్టి.

పలాస సంబంధం తప్పిపోయింది, కారణం కళ్ళజోడు కాదు, కట్నం. బుజ్జి కొత్త ఫ్రేము కొనుక్కుంది, నల్లగా లావుగా ఉంటుంది, అక్కకు నచ్చలేదు. ఇంట్లో కూర్చుని కంప్యూటర్ మీద పని చేస్తుంది. నిన్న రాత్రి నేను వాళ్ళింట్లో భోంచేస్తున్నాను. బుజ్జి జోడు తీసి పక్కన పెట్టి, రెండు చేతులూ కళ్ళ దగ్గరికి తీసుకెళ్ళింది. అక్క వంటింట్లో, అటు తిరిగి రొట్టె కాలుస్తోంది, వెనక్కి చూడనైనా లేదు.

"చెయ్యి తియ్యి" అంది.